సీసాల వరుసలో నా వంతు

ఇప్పుడు డాక్టరును చూడాలంటే ఫోన్‌లో నాలుగుసార్లు వేలితో నొక్కితే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు పట్టుకుని చల్లటి గదిలో కూర్చుంటే పిలుస్తారు. నేను పెరిగిన కాలంలో, మా జగిత్యాల వైపు, డాక్టరును చూడాలంటే ముందు చేతిలో ఒక ఖాళీ సీసా ఉండాలి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. మా ఇంటి డాక్టరు (మా తాతకు, బాపుకు, మా ఇంట్లో పుట్టిన ప్రతి పిల్లకూ నాడి చూసిన మనిషి కనుక మా ఇంటి డాక్టరే అనుకునేవాళ్ళం, కాకపోతే చుట్టుపక్కల ఊళ్ళలో ప్రతి ఇల్లూ అలాగే అనుకునేది) పొద్దున తొమ్మిదింటికి కూర్చుంటే మధ్యాహ్నానికి లేచి, సైకిలెక్కి ఊళ్ళమీదికి పోయేవాడు. ఆ కాసేపట్లో ఆయన కంట పడటం కోసం జనం తెల్లవారకముందే వచ్చి, ఎవరి సీసా వాళ్ళు అరుగు అంచున వరుసగా పెట్టేవారు. సీసా పెట్టాక మనిషి చాయ్ తాగడానికి పోయినా, ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి పోయినా ఫికర్ లేదు. సీసా నిలబడి ఉంటే వంతు నిలబడి ఉన్నట్టే. కొబ్బరినూనె సీసాలు, సిరా సీసాలు, మక్కజొన్న కంకి బెండు బిరడాగా కొట్టిన ఆకుపచ్చ సీసాలు, ఒక పటేలు తాత తెచ్చే వాసన పోని సారా సీసా, ఇలా ఆ అరుగు చూస్తే ఊరంతా ఒంటికాలి మీద నిలబడ్డట్టుండేది.

నాకు అప్పుడు పందొమ్మిదేళ్ళు. టీచరు ట్రైనింగ్ పాసై ఇంట్లో కూర్చున్న నాకు ఒక బుధవారం నాడు పంచాయతీ సమితి ఆఫీసు నుంచి కాయితం వచ్చింది. గోదావరి ఒడ్డున ఒక ఊళ్ళో ప్రైమరీ బడిలో పంతులమ్మ ఉద్యోగం. సోమవారం పొద్దున చేరాలి, చేరేటప్పుడు ఆరోగ్యం బాగుందని డాక్టరు రాసిచ్చిన కాయితం తేవాలి, తేకపోతే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తాం అని అందులో ఉంది. మా అవ్వకు (మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం) చదువు రాదు. అయినా ఆ కాయితాన్ని చేతిలోకి తీసుకుని రెండువైపులా తిప్పి చూసింది. రెండేళ్ళు బీడీలు చుట్టి చుట్టి నన్ను ట్రైనింగ్ చదివించింది ఆమె. వేళ్ళకు తునికాకు మరక ఎప్పుడూ పోయేది కాదు. తర్వాతి పేరును పిలుస్తారన్న మాట చదివి వినిపిస్తే, "ఆమెనెట్ల పిలుస్తరు, బీడీలు చుట్టింది నేనైతె" అంది.

డాక్టరు మనవాడే కదా, అరగంట పని అనుకుని గురువారం నాడు చేతులూపుకుంటూ పోయాను. గుమ్మం దగ్గర కాంపౌండర్ సాబ్ ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, చెవి వెనక పెన్సిలు పెట్టుకుని ఉండే ఆయన్ను దాటితేనే డాక్టరు. ఏం రోగమని అడిగాడు. ఏ రోగమూ లేదని, లేదన్న కాయితం కోసమే వచ్చానని గర్వంగా చెప్పాను. ఆయన అరుగు మీది సీసాలను చూపించి, ఇంతమంది రోగంతో కూర్చుంటే రోగం లేనిదాన్ని లోపలికి ఎట్లా పంపుతానన్నాడు. అందరూ అయ్యాక చూద్దామన్నాడు. అందరూ అయ్యేసరికి డాక్టరు సైకిలు సందు మలుపు తిరిగింది.

సీసా లేకుండా పోవడమే తప్పని అవ్వ తేల్చింది. మా బాపుకు దమ్ము, అంటే ఉబ్బసం, ఉండేది. ఆయన మందు సీసాను కడిగి, శుక్రవారం చీకటి విడవకముందే నన్ను లేపి పంపింది. నా సీసా మూడోది. పొంగిపోయాను. తొమ్మిది కొట్టగానే కాంపౌండర్ సాబ్ వచ్చి ముందు నా సీసానే తీసుకుని లోపలికి పోయాడు. చదువుకున్న పిల్లనని గౌరవిస్తున్నాడు కాబోలనుకుని కొంగు సర్దుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆయన సీసా నిండా ఎర్రటి మందు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను తెల్లబోయి డాక్టరును చూడాలన్నాను. ఆయన సీసాకు అంటించి ఉన్న కాయితం పట్టీని వేలితో తట్టాడు. (మోతాదుకు ఒక గాటు చొప్పున కత్తిరించి అంటించే పట్టీ అది. మందు ఏ గాటు దాకా తాగాలో చూసుకోవడానికి.)

"పట్టీ ఉన్న సీస అంటె పాత మందే నింపుత. డాక్టర్‌సాబ్‌ను చూడాల్నంటె పట్టీ గీకి తేవాలె. గిది గూడ తెల్వదా, సదువుకున్నదానివి?"

అరుగు మీది జనమంతా నావైపు జాలిగా చూశారు. ఆ సంగతి అక్కడ పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. మా అవ్వ ఎప్పుడూ బాపు మందు తేవడానికే పోయేది కనుక ఆమెకు తెలియదు, నాకు ఏమీ తెలియదు. ఎవరినో అడిగి ఒక ఖాళీ సీసా పెడితే వరుసలో చివర పడింది. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని ఏ సీసా ఎవరిదో, ఎవరికి ఏ నొప్పో, ఎవరి కోడలు ఎవరిని చూడదో అన్నీ వింటూ గడిపాను. సైకిలు మళ్ళీ సందు మలుపు తిరిగింది. బాపు మాత్రం ఆ సాయంత్రం సంతోషంగా మందు తాగి, "రేపు గూడ పోతవా బిడ్డా?" అన్నాడు.

ఇక మిగిలింది శనివారం ఒక్కటే. ఆదివారం డాక్టరు సొంత ఊరికి పోతాడు. ఆ రాత్రి అవ్వ మిగిలిన మందును గిన్నెలో వంచి, వేడినీళ్ళలో సీసా నానబెట్టి పట్టీ గీకుతూ, నెమ్మదిగా ఒక ఉపాయం చెప్పింది. రోగం లేదంటేనే కదా ఆపుతున్నాడు, ఉందని చెప్పి లోపలికి పో, లోపలికి పోయాక డాక్టరుకు నిజం చెప్పు. నాకూ అది బంగారంలాంటి ఉపాయమనిపించింది. రోగిలా కనబడాలని బాపు గొంగడి కప్పుకున్నాను. అది రోహిణి కార్తె. రాళ్ళు పగిలే ఎండల్లో గొంగడి కప్పుకుని సందులో నడుస్తుంటే కుక్కలు కూడా దారి ఇచ్చాయి.

కాంపౌండర్ సాబ్ చీటీ తీసి ఏం బాధ అన్నాడు. జ్వరమన్నాను. ఎన్ని రోజులనుంచి అంటే నాలుగొద్దులాయె అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆయన తలనొప్పి ఉందా అంటే ఉందన్నాను, వాంతులు అంటే అవీ ఉన్నాయన్నాను. పక్కన సిరా సీసా ముసలవ్వ (రెండు రోజుల పరిచయంతో నన్ను మనవరాలిని చేసుకుంది) నా వీపు నిమిరి, "గుండెదడ గూడ చెప్పు బిడ్డా, దాసిపెట్టుకుంటె ఎట్ల" అంది. అదీ రాయించాను. చీటీ నిండిపోయింది. కాంపౌండర్ సాబ్ ముఖంలో మొదటిసారి దయ కనిపించింది. వరుస కూడా చూడకుండా, నా సీసా తానే పట్టుకుని, నన్ను లోపలికి పంపించాడు.

డాక్టరు సాబ్ చీటీ చదివి కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. నుదుటి మీద చెయ్యి పెడితే గొంగడి వేడికి కాలిపోతోంది. నాడి పట్టుకుంటే భయానికి అది పరుగులు తీస్తోంది. వారం రోజులు మంచం దిగొద్దు, గంజి తప్ప ఏదీ ముట్టొద్దు అని చెప్పి, మందు కలపమని, సూది ఉడకబెట్టమని కాంపౌండర్‌కు కేక వేశాడు. నేను లేచి నిలబడి, డాక్టర్‌సాబ్, నాకు ఏ రోగం లేదు, అన్నీ అబద్ధం చెప్పాను, నాకు కావాల్సింది ఆరోగ్యం బాగుందన్న కాయితం అని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

"సూది పేరు ఇనంగనె అందరికి రోగం పోతది బిడ్డా. ఎనిమిదొద్దుల తర్వాత రా. అప్పుడు మంచిగుంటె రాసిస్త."

ఎనిమిదొద్దుల తర్వాత నా కుర్చీలో ఇంకొకామె కూర్చుని ఉంటుంది. అవ్వ వేళ్ళు గుర్తొచ్చాయి. కన్నీళ్ళకు దారి కనబడక, సూది ఉడికేలోపు గిరుక్కున తిరిగి బయటికి వచ్చాను. నేను వచ్చాను కానీ గొంగడి చెంగు నా వెనక వచ్చింది. అరుగు అంచున ఉన్న వరుసను ఈ కొస నుంచి ఆ కొస దాకా ఊడ్చుకుంటూ వచ్చింది. సీసాలన్నీ గలగలమని మెట్ల మీంచి దొర్లి మట్టిలో పడ్డాయి. దేవుడి దయ, ఒక్కటీ పగల్లేదు. పగిలింది వరుస. ముందు నాదంటే నాదని అందరూ ఒక్కసారే లేచారు. పటేలు తాత తన సారా సీసాను జెండాలా ఎత్తి పట్టుకున్నాడు. కాంపౌండర్ సాబ్ తలపట్టుకుని, వరుస తేలేదాకా డాక్టర్‌సాబ్ ఎవరినీ చూడడని చెప్పేసరికి గొడవ ఇంకా పెరిగింది.

నాకు ఎక్కడినుంచి వచ్చిందో గొంతు. గొంగడి విసిరి అవతల పారేసి, కొంగు నడుముకు బిగించి, పై మెట్టు మీద నిలబడి, "అందరు కూసోండ్రి" అన్నాను. ట్రైనింగులో నేర్పిన గొంతు అది, నలభైమంది పిల్లల మీద వాడాల్సింది. చిత్రం, అందరూ కూర్చున్నారు. పటేలు తాత కూడా. తర్వాత ఒక్కొక్క సీసా ఏరుకుంటూ, మట్టి తుడుచుకుంటూ, పిలుచుకుంటూ పెట్టాను. రెండు రోజులుగా ఆ అరుగు మీద నేను చదివిన పాఠం అదే కదా, ఆ పొద్దుటి వరుస కూడా కళ్ళముందే ఉంది. మక్కబెండు సీసా మోకాళ్ళ నొప్పి పెద్దాయన, నూనె సీసా చంటిపిల్ల తల్లి, తర్వాత సిరా సీసా అవ్వ, పటేలా నువ్వు తొమ్మిదో మనిషివి, మూడో మనిషివి కాదు. తాత జెండా దించి సీసా నా చేతికిచ్చాడు. చివరి సీసా పెట్టేదాకా ఒక్కరు కూడా కాదనలేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో డాక్టరు సాబ్ ఉన్నాడు. ఒక చేతిలో నా చీటీ, వెనకాల సూది పట్టుకుని కాంపౌండర్ సాబ్. ఎంతసేపటినుంచి ఉన్నారో తెలియదు.

"వాంతులు తక్కువైనయా?" అన్నాడు డాక్టరు సాబ్. తల దించుకున్నాను. లోపలికి పిలిచి, కాయితం తీసి, రాస్తూ పైకే చదివాడు. కండ్లు మంచిగున్నయి. యాది (జ్ఞాపకశక్తి) మంచిగున్నది. కాళ్ళు చేతులు మంచిగున్నయి. గొంతు గల్లీ అవతలికి ఇనవడ్డది. సంతకం పెట్టి, ముద్ర వేసి, చేతికివ్వబోయి ఆగాడు. "పిల్లలకు ఏం నేర్పినా అబద్ధం మాత్రం నేర్పకు. నీకు సరిగ్గ రాదు."

ఆ కాయితం అందుకుని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకున్నాను. కానీ కలిపిన మందు పారబోసే అలవాటు ఆ అరుగు మీద లేదు. ఆరు గాట్ల పట్టీ అంటించిన సీసా ముందు పెట్టి, ఒక మోతాదు తన ఎదుటే తాగించాడు. వేపాకు దాని ముందు చెరుకు ముక్క. ఇంటికి వస్తే అవ్వ కాయితాన్ని మళ్ళీ రెండువైపులా తిప్పి చూసి, కళ్ళకద్దుకుని, బియ్యం కుండలో దాచింది. ఆ తర్వాత సీసా చూసింది. డాక్టరు ఇచ్చిన మందు ఊరికే పోనిస్తారా అని మిగిలిన అయిదు మోతాదులూ దగ్గర కూర్చుని తాగించింది. సోమవారం పొద్దున పూర్తి ఆరోగ్యంతో, ఎర్రటి నాలుకతో ఉద్యోగంలో చేరాను.

ఉద్యోగం నుంచి దిగేదాకా ముప్పై ఎనిమిదేళ్ళు ఆ గొంతుతోనే బతికాను. అవ్వ లేదు, డాక్టరు సాబ్ లేడు, ఆ అరుగూ లేదు. మొన్న నా కూతురు ఫోన్‌లో నంబరు తీసి నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నా మనవరాలి వయసు పిల్ల, మెళ్ళో స్టెతస్కోపు. ఏం బాధ అమ్మమ్మా అంటే ఏమీ లేదన్నాను. నా కూతురు ఊరుకుంటుందా? మోకాళ్ళు, నిద్ర, తల తిరుగుడు, ఆ సిరా సీసా అవ్వలాగే ఒక్కటీ వదలకుండా చెప్పింది. మోకాళ్ళ నొప్పి ఎప్పటినుంచి అని అడిగింది డాక్టరు పిల్ల. ఏళ్ళ సంగతి చెబితే పరీక్షలన్నీ రాస్తుందని భయం. నాలుగొద్దులాయె అన్నాను. ఆ పిల్ల కళ్ళద్దాలు పైకి తోసుకుని నన్ను చూసి నవ్వింది. డాక్టరు సాబ్ చెప్పింది నిజమే. నాకింకా సరిగ్గా రాలేదు.