వండని కూర వాసన

దయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. నా భయమల్లా ఇంటి ఓనర్లంటేనే.

పీహెచ్‌డీ చివరి ఏడాదిలో కడపలో యూనివర్సిటీ దగ్గర ఇల్లు వెతికితే, ప్రతి గుమ్మంలోనూ పేరు కంటే ముందు కులం అడిగారు. ఆ తర్వాత ఏం తింటావని అడిగారు. చివరికి ఒక అపార్టుమెంటులో పై అంతస్తులో ఫ్లాటు దొరికింది. ఓనరమ్మ కింద ఉంటుంది. మాంసం, గుడ్డు వండకూడదని షరతు పెట్టింది. నాకేం ఇబ్బంది లేదు. మాది మగ్గాల ఇల్లు, మావాళ్లంతా తింటారు. నాకే చిన్నప్పటి నుంచి ఆ వాసన పడదు, కడుపులో తిప్పుతుంది.

చేరిన కొన్నాళ్లకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఓనరమ్మ తలుపు కొట్టింది.

"ఏం పాపా, కోడికూర వండినావా? వాసన కింది దాకా వస్తాండాది."

పొయ్యి మీదున్న పప్పు మూత తీసి చూపించాను. నమ్మలేదు. నిజం చెప్పాలంటే వాసన నాకూ తగిలింది. పక్కవాళ్లదేమో అనుకుంటే, పక్క ఫ్లాటుకు తాళం. కిటికీలు మూస్తే వాసన ఇంకా ఎక్కువైంది.

తర్వాత ప్రతి ఆదివారం ఇదే గోల. మెట్ల మీద అందరి ముందూ నన్ను అబద్ధాలకోరు అంది. థీసిస్ ఇవ్వాల్సిన సమయంలో ఇల్లు ఖాళీ చేయమంది. జన్మలో ముట్టని కూరకు నేను దొంగనయ్యాను. ఒళ్లు మండిపోయింది.

స్టవ్, సిలిండర్, గిన్నెలు అన్నీ స్నేహితురాలి గదికి చేరవేశాను. ఆదివారం వాసన మొదలవగానే కిందికి పోయి ఓనరమ్మను చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను.

"చూడు పెద్దమ్మా, యాడ వండినానో నువ్వే చూపీ."

వంటగదిలో ఉత్త గట్టు తప్ప ఏమీ లేదు. వాసన మాత్రం అప్పుడే మూత తీసినట్టు గుప్పుమంటోంది. ఆమె ముఖం పాలిపోయింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, నా వైపు కాదు, గట్టు వైపు చూస్తూ అంది.

"ఇంగా పోలేదా పాపా నువ్వు?"

నేను వదల్లేదు, గుచ్చి గుచ్చి అడిగాను. నాకు ముందు ఆ ఇంట్లో రాజంపేట పిల్ల ఉండేదట. వాళ్లమ్మ క్యారియర్‌లో కోడికూర తెచ్చిస్తే ఒక ఆదివారం వేడి చేసుకుందట. ముద్ద నోట్లో పెట్టకముందే ఈమె సామాన్లు బయట పెట్టించింది. ఎండలో ఊరికి పోయిన పిల్ల జ్వరంతో పడింది, మళ్లీ లేవలేదు.

"నాకేం తెలుసు పాపా, అట్లయితాదని? నువ్వు ఉండిపో. శాంతి చేయిస్తా."

ఆ పిల్ల పేరేమిటని అడిగాను. గుర్తు లేదంది.

ఆ సాయంత్రమే ఖాళీ చేశాను. థీసిస్ స్నేహితురాలి గదిలో, నేల మీద కూర్చుని రాసుకున్నాను. ఆ గేటుకు ఇప్పటికీ టు-లెట్ బోర్డు వేలాడుతోంది, శాకాహారులకు మాత్రమే అని.

ఆ వాసన ఎక్కడిదో నేను చెప్పలేను. ఇంకోటి కూడా ఎందుకో చెప్పలేను. ఆ రోజు నేను కడుపు నిండా తినే ఉన్నాను. అయినా ఆ ఖాళీ వంటగదిలో నిలబడితే నాకు కడుపులో తిప్పలేదు. ఆకలేసింది. కళ్లలో నీళ్లు తిరిగేంత ఆకలి.