రెండు వరసల మల్లె

నా ఉద్యోగంలో చివరి పోస్టింగు మదురై దగ్గరి తిరుమంగళం సబ్‌డివిజన్. అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా అక్కడ చేరిన ఏడాది వానలు మొహం చాటేశాయి. తుడియలూరులో పంపుల వర్క్‌షాపుల మధ్య పెరిగిన నాకు, నల్లరేగడి పల్లె ఒకదానిలో కొత్తగా కట్టిన మురుగునీటి శుద్ధి కేంద్రాన్ని అప్పగించారు. ఊరు చిన్నది. మా ఇంట్లోలాగే అక్కడి ఇళ్ళలోనూ తెలుగే మాట్లాడతారు కనుక నా పని సులువవుతుందనుకున్నాను.

కేంద్రమంటే పెద్ద యంత్రాలేమీ లేవు. మురుగు ముందు ఒక తొట్టిలో నిలిచి మడ్డి దిగుతుంది. పైనీరు కంకరలో నాటిన తుంగ వేళ్ళ గుండా మెల్లగా పారి గుంటలో చేరుతుంది. అక్కడ ఎండ తగిలాక బీఓడీ పరీక్ష చేయిస్తాం. నీళ్ళలో మిగిలిన మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు ఎంత ప్రాణవాయువు కావాలో అది చెబుతుంది. తక్కువ చాలితే నీళ్ళు చేనుకు పనికొస్తాయి. మావి పనికొచ్చాయి, కానీ ఎవరూ తీసుకోలేదు.

గుంట పక్కనే నాగమ్మాళ్ మల్లెతోట. బావి అడుగంటి మొక్కలు మాడుతున్నాయి. ఆ ఇంటికి ఆ తోటే ఆధారం. కాలవ తవ్వుకోమని నేనే వెళ్ళి చెప్పాను. ఆమెకూ ఆశే. అడ్డుపడింది పంచాయతీ ప్రెసిడెంటు రామసామి. ఊరి పూలన్నీ కలిసే మదురై మార్కెట్టుకు పోతాయి, అక్కడినుంచి గుళ్ళకు.

“సాక్కడ నీళ్ళ, ఈ మురుగునీళ్ళ పూవు పెరుమాళ్ మెళ్ళో ఎట్ల ఏసేది సార్? ఒకరు చేస్తే ఊరి పూవే ఎవరూ కొనరు,” అన్నాడు.

ల్యాబు రిపోర్టు చేతిలో పెట్టాను. శ్రద్ధగా చదివి, నీళ్ళు మంచివేనని ఒప్పుకున్నాడు. పూల మాట మాత్రం మార్చలేదు. నాకు ఒళ్ళు మండింది. మొక్కలు చస్తుంటే ఈ మడేమిటని గట్టిగా అరిచాను. ఆ అరుపుకు ఒక్క కొమ్మా చిగురించలేదు.

మర్నాడు నాగమ్మాళే కేంద్రానికి వచ్చింది.

“బావికాడ రెండు వరసలు ఉండాది సార్. దానికి బిందెతో బావినీళ్ళే పోస్తా. ఆ పూవు సామికి. మిగతా తోటానికి మీ నీళ్ళు విడండ. ఆ మూట వేరే కట్టి, ఏ నీళ్ళో చెప్పే అమ్ముతా. రామసామి అన్నకి నేనే చెప్తా. మీరొస్తే మళ్ళీ అరుస్తారు.”

నేను వెళ్ళలేదు. రామసామి ఒప్పుకున్నాడు. మార్కెట్టులో వ్యాపారి ఆ మూటను పెళ్ళి దండలకని విడిగా తీసుకున్నాడు. నీళ్ళు మొదళ్ళకే పారాలి, ఆకుల మీద పడకూడదు అన్న షరతుతో వాల్వు తెరిచాను. తోట కోలుకుంది.

ఎండలు ముదిరాక బావిలో బిందె మునగడం కూడా కష్టమైంది. రెండు వరసల్లో ఒకటి పసుపు తిరిగింది. దానికీ గుంట నీళ్ళు పెట్టమన్నాను, ఎవరికి తెలుస్తుందన్నాను.

“ఎండితే ఎండనీ సార్. ఊరికి మాట ఇచ్చినా కదా,” అంది.

ఆ వరస ఎండిపోయింది. మరుసటి ఏడు మరో రెండిళ్ళవాళ్ళు కాలవ అడగడానికి వచ్చారు. వాళ్ళను వెంటబెట్టుకొచ్చింది రామసామే.

ఆ తర్వాత మా సబ్‌డివిజన్‌లో కట్టిన ప్రతి కేంద్రం దగ్గరా తోటల్లో సామి పూల వరసలకని బావినీటి పైపు ఒకటి విడిగా వేయించాను. శుద్ధి చేసిన నీళ్ళుండగా ఇదెందుకని ఆడిట్‌వారు అడిగారు. అది లేకపోతే ఆ నీళ్ళు ఎవరూ ముట్టరని జవాబు రాశాను.