చివరి పేజీ నుంచి

కోలారు బంగారు గనుల ఊళ్లో, ఒక చిన్న ఆసుపత్రి రికార్డుల గదిలో, రోగాలకు కోడ్ నంబర్లు వేసే ఆమె ప్రతి ఫైలునూ చివరి పేజీ నుంచి చదివేది.

ఆ రోజు డిశ్చార్జి కాగితాల కోసం బంగారుపేటలోని మా పక్కింటి అత్తాకోడళ్లతో వెళ్లాను. "కడుపుతో ఉండి గ్రహణంలో బయట తిరిగినావు, అందుకే వానికి ఊపిరాడలేదు" అంటూ అత్త, కోలుకున్న పసివాణ్ణి తల్లికి ఇవ్వడం లేదు. నేను దారంతా వాదించి ఓడిపోయాను.

కాగితంలో 'శ్వాస ఇబ్బంది' అని మాత్రమే ఉంది.

"ఎందుకొచ్చిందో రాయలేదే!" అంటూ కోడ్లు వేసే ఆమె నంబరు వేయకుండా ఫైలు వెనక నుంచి తిప్పింది. కాన్పు రోజు నర్సు రాసిన రెండు వాక్యాలు దొరికాయి. వాటిని పట్టుకుని మెట్లెక్కి, డాక్టరు చేత కారణం రాయించుకుని దిగింది.

"బిడ్డ కడుపులోనే దొడ్డికి పోయి, ఆ పచ్చనీళ్లు పీల్చినాడమ్మా. దీనికి నంబరుండాది."

"మరి గ్రహణం?" అంది అత్త.

ఆమె లావుపాటి కోడ్ పుస్తకం ముందుకు తోసింది. "పాము కాటుకుండాది, పిడుగుకుండాది. గ్రహణానికి యాడుందో నువ్వే చూపించమ్మా, వేస్తాను."

అత్త పుస్తకం ముట్టలేదు. బిడ్డను కోడలి ఒళ్లో పెట్టింది.

నేను ఆ కోడ్ల ఆమెకు థాంక్స్ చెప్పబోయాను. ఆమె అప్పటికే ఇంకో ఫైలు చివరి పేజీలో ఉంది.