ఇనుముకు సిగ్గేంది?

మా చిన్నప్పుడు... బడి వెనక గోడకు ఆనుకునే, నా క్లాసులో చదివే ఓబులమ్మ వాళ్ల నాయన కొలిమి ఉండేది. సైన్సు పాఠం వింటుంటే ఒక చెవిలో సారు గొంతు... ఇంకో చెవిలో సమ్మెట దెబ్బ.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ఆత్మకూరు దగ్గర పల్లె. నాకప్పుడు కొత్త మాటల పిచ్చి. పరావర్తనము, ప్రతిధ్వని, వ్యాకోచము... అర్థమైనా కాకపోయినా బావి దగ్గర బిందె నిండేదాకా వల్లించేదాన్ని. నోరంతా తియ్యగా ఉండేది.

ఒకరోజు లేచి నిలబడి, "ఘనపదార్థములు వేడిచేసిన వ్యాకోచించును, చల్లార్చిన సంకోచించును" అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పాను. శభాష్ అంటారని చూస్తున్నా...

"అంటే ఏందిమ్మా?" అన్నారు సారు.

నాకు మాటే తెలుసు. అంతే.

వెనక నుంచి ఓబులమ్మ లేచింది. "మా నాయన బండి చక్రానికి ఇనుప పట్టా యేసేదే గదా సార్! పట్టా చక్రం కన్నా రవ్వంత చిన్నగా చేస్తాడు. పిడకల మంటలో కాలిస్తే పెద్దదయితాది. ఎర్రంగ ఉండంగానే తొడిగి నీళ్లు పోస్తే బిర్రుగా పట్టుకుంటాది. ఇంక ఎద్దులు ఈడ్చినా ఊడి రాదు!"

సారు క్లాసునంతా కొలిమి దగ్గరికి తీసుకుపోయారు. నీళ్లు పడగానే బుస్సుమని ఆవిరి... చక్రం కిర్రుమంది... పిల్లలంతా చప్పట్లు. "పుస్తకం రాసినాయన గూడా ఇంత బాగా చెప్పలేడు" అన్నారు సారు, ఓబులమ్మ తల నిమిరి.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. క్లాసులో అందరికన్నా శుభ్రమైన నోటుబుక్కు నాది. మసి చేతులతో రాసిన దాని పలక మీద నాకు అంత కుళ్లు ఎందుకో...

తర్వాతి వారం ఇన్‌స్పెక్టరు గారు వస్తారన్నారు. సైన్సులో బాగా జవాబు చెప్పిన వాళ్లకు నిఘంటువు బహుమతి! మాటలన్నీ ఒకేచోట ఉండే పుస్తకం... అది ఓబులమ్మ చేతిలో ఉన్నట్టు ఊహించుకుంటేనే కడుపు మండిపోయింది.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చే రోజు ప్రార్థనకు ముందు ఓబులమ్మే నా దగ్గరికి వచ్చింది. "మే, నీకు మాటలు శానా తెలుసు గదా. పట్టా చల్లారి చిన్నదయ్యేదాన్ని సంకోచమే అనాల్నా? మా అవ్వ సిగ్గుపడేదాన్ని గూడా సంకోచమే అంటాది. తికమకగా ఉండాది."

రెండింటికీ అదే మాటని నాకు తెలుసు. తెలిసే నవ్వాను.

"ఇనుముకు సిగ్గేందే పిచ్చిదానా? పెద్దసారు ముందర ఆ మాట అంటే నగుతారు."

ఇన్‌స్పెక్టరు గారు సరిగ్గా అదే అడిగారు. కాలిన ఇనుము చల్లారినప్పుడు జరిగే మార్పును ఏమంటారని. మా సారు ఓబులమ్మ వైపు సైగ చేశారు. అది లేచింది. పెదవి కదిలింది... నా వైపు చూసింది... తల వంచుకుంది.

నేను చెయ్యెత్తాను.

ఇంటికొచ్చి నిఘంటువులో మొదట వెతికిన మాట అదే. సంకోచము... ముడుచుకొనుట, వెనుదీయుట. రెండు అర్థాలూ పక్కపక్కనే. ఆ రెండూ ఆ పొద్దున ఓబులమ్మ ముఖంలో చూసినవే.

మరునాడు అది నా గుప్పిట్లో వేయించిన వేరుశనగ బుడ్డలు పోసి, "నువ్వు గెలిస్తివి మే, బాగాయె!" అంది. నిజం చెబుతున్నా... అప్పుడు కూడా కుళ్లే. ఇంత మంచి మనసు దీనికెట్లా వచ్చిందని.

ఇప్పుడు బండ్లకు రబ్బరు టైర్లు. కొలిమి ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి. నిఘంటువు మాత్రం అట్ట ఊడిపోయి ఇన్నాళ్లూ నా బీరువాలోనే ఉండింది.

మొన్న ఒక పెళ్లిలో ఓబులమ్మ మనవడు కనిపించాడు. "మాటల సుబ్బులంటే మీరేనా అవ్వా? మాయవ్వ ఆత్మకూరులోనే ఉండాది. మీ తెలివి గురించి ఇప్పటికీ చెప్తాంటాది" అన్నాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

రేపు పొద్దున మొదటి బస్సుకు ఆత్మకూరు పోతున్నా. నిఘంటువు సంచిలో సర్దుకున్నా. ఆ పేజీ తెరిచి దాని చేతికిచ్చి జరిగింది చెప్పాలి. ఇన్నేళ్లూ చెప్పనివ్వనిది ఆ మాటే... సంకోచం.

చిన్నప్పుడు మీరెవరి మీద కుళ్లుకున్నారో రాయండి... బస్సులో చదువుకుంటూ పోతా. దాని గడప తొక్కేలోపు కొంచెం ధైర్యం కావాలి.