ఎక్కడిదో తెలియని ఉయ్యాల బల్ల

కుర్చీలు అల్లే బెత్తం నానబెట్టిన నీళ్లకు ఒక వాసన ఉంటుంది. తడిసిన గడ్డివాము వాసనకు దగ్గరగా, దానికంటే కొంచెం వగరుగా ఉంటుంది. ఇవాళ పొద్దున బకెట్లో చెయ్యి పెట్టి బెత్తం మెత్తబడిందో లేదో చూస్తుంటే ఆ వాసనకు పెంచలయ్య శెట్టిగారు గుర్తొచ్చారు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆత్మకూరులో, ఉదయగిరి పోయే రోడ్డు మీద, పాత కలప సామాన్ల కొట్టు నడిపిన మనిషి. కూలగొట్టిన ఇళ్ల తలుపులు, బీరువాలు, పడక కుర్చీలు, ఉయ్యాల బల్లలు కొని, బాగుచేసి, బెంగుళూరు నుంచీ మద్రాసు నుంచీ వచ్చేవాళ్లకు అమ్మేవారు. నేను ఆయన దగ్గర పదకొండేళ్లు పనిచేశాను. ఇప్పుడు నాకు అన్నం పెడుతున్న పని ఆయన నేర్పిందే.

అసలు నేను ఆ కొట్టుకు పని అడగడానికి పోలేదు. మా అవ్వ టేకు పెట్టె అమ్మడానికి పోయాను. మాది అనంతసాగరం. మా ఆయన అప్పట్లో షేర్ ఆటో నడిపేవాడు. ఇంట్లో జాగా చాలక, ఎవరూ వాడని ఆ పెట్టెను ఆటోలో వేసుకుని తెచ్చాం. మంచి ధర పలుకుతుందని ముందురోజు సబ్బు నీళ్లు పోసి కొబ్బరి పీచుతో తోమి పెట్టాను. శెట్టిగారు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మూత మీద అరచెయ్యి ఆనించి చూశారు.

"కడిగినావా?" అన్నారు.

"తళతళలాడతాదని కడిగినానయ్యా."

"ఇన్నేళ్ల జిడ్డంతా పోగొట్టినావు కదమ్మణ్ణీ. ఆ జిడ్డే దీనికి చర్మం. ఇప్పుడు పగుల్తాది."

కోప్పడలేదు. లోపలికి పోయి ఒక సీసాలో అవిసె నూనె పోసి తెచ్చి, పది రోజులు గుడ్డతో రుద్దమన్నారు. "దీన్ని అమ్మబాక. మీ ఇంట్లోనే ఉండనీ" అన్నారు. ఆయన నూనె తెచ్చేలోపల నేను కూర్చున్న కుర్చీ అల్లిక ఒకచోట తెగి ఉంటే, ఊరికే ఉండలేక తెగిన కొసలను వేళ్లతో దోపుతూ ఉన్నాను. అది చూశారు.

"నవారు అల్లుతావా?"

"మంచాలకు అల్లుతా."

"బెత్తం దానికంటే మొండిది. రేపు రా, చూద్దాం."

ఆ రేపు పదకొండేళ్లయింది.

పని నేర్పడంలో ఆయనకు తొందర ఉండేది కాదు. ఏ వస్తువు వచ్చినా ముందర చూడనిచ్చేవారు కాదు. "ముందర చూస్తే మోసపోతాం. బోర్లించి చూడు" అనేవారు. బోర్లిస్తే రంపం గాట్లు కనిపిస్తాయి, చేత్తో కోసిందో మిషన్లో కోసిందో తెలుస్తుంది, ఏ కాలు తర్వాత అతికించారో తెలుస్తుంది. నాకు కొన్నాళ్లకు కళ్లు మూసుకుని వేలితో తడిమినా కొత్త చెక్క పట్టుబడేది. ఒక అతుకు దాచిపెట్టి పాలిష్ వేస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు. వస్తువు విషయంలో అంత నిక్కచ్చి మనిషి, గిరాకీ ఎదురుగా నిలబడితే మాత్రం మాటల్లో పడిపోయేవారు. ఒక మామూలు బీరువా జమీందారు బంగళాది అయ్యేది. ఒక పడక కుర్చీలో ఎవరో దొర కూర్చుని ఉండేవాడు. నేను నవ్వితే, "జనానికి చెక్కొకటే చాలదమ్మణ్ణీ, దాంతోపాటు ఒక మాట కూడా కావాల" అనేవారు. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. కొన్నవాళ్లు సంతోషంగా పోయేవాళ్లు.

నేను చేరిన మూడు నాలుగేళ్లకు ఉదయగిరి నుంచి కామాక్షమ్మగారు వచ్చారు. భూములున్న రెడ్ల ఇంటి కోడలు, అరవై దాటిన మనిషి. పుట్టిన ఊరు సోమశిల డ్యాం కట్టినప్పుడు నీళ్లలో మునిగిపోయింది. కొట్టులో తిరిగి తిరిగి ఒక ఉయ్యాల బల్ల దగ్గర ఆగి, దాని గొలుసు పట్టుకుని, "ఇది ముంపు ఊళ్ల వైపుదా?" అని అడిగారు. తన ఊరి పేరు కూడా చెప్పారు. శెట్టిగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఆ ఊరిదేనమ్మా. ఖాళీ చేసేటప్పుడు ఎవురో అమ్ముకున్నారు."

ఆమె నా వైపు తిరిగారు, ఇంకొకరి నోట కూడా వినాలన్నట్టు. నేను, "అవునమ్మా" అన్నాను. ఆ బల్ల కలువాయి దగ్గర ఒక రైతు ఇంటి నుంచి వచ్చిందని నాకు తెలుసు. దింపినప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుని బల్లను తీసుకుపోయారు.

నాలుగేళ్ల కిందట శెట్టిగారు కొట్టు మూసేయాలనుకున్నారు. కొండాపురం దగ్గర ఒక ఇంటి ద్వారబంధం దించుతుంటే పై దూలం జారి ఆయన తుంటి మీద పడింది. ఎముక అతికింది గాని వంగడం పోయింది. "బోర్లించి చూడలేనోడికి ఈ యాపారం ఎందుకు" అన్నారు, అంతే. బెంగుళూరు వ్యాపారి ఒకాయన సరుకంతా ఒకేసారి ఎత్తుకుంటానన్నాడు. ఏ వస్తువు ఏ కలప, ఎక్కడిది అని ఒక పట్టీ రాసివ్వమన్నాడు. రోజూ మధ్యాహ్నం శెట్టిగారు కుర్చీలో కూర్చుని చేతికర్రతో చూపిస్తూ చెప్పేవారు, నేను రాసేదాన్ని. ఆయన ఉన్నదున్నట్టు చెబుతుంటే మొదట నాకు వింతగా తోచింది.

"జమీందారు బీరువా అని కదా చెప్పేవాళ్లం?"

"చెప్పేవాళ్లం. ఒక టీచరమ్మ ఇంటిది. అదే రాయి."

మూడో రోజు ఒక ఉయ్యాల బల్ల దగ్గరికి వచ్చేసరికి కర్ర ఆగింది. "ఆ ఉదయగిరి అమ్మ గుర్తుండాదా?" అని అడిగారు. ఉందన్నాను. "కొట్టు ఉన్నన్నాళ్లూ, ఎప్పుడన్నా వస్తే చెబుదాంలే అనుకున్నా. మూసినాక ఆమె యాడికొస్తాది? మనమే పోవాల" అన్నారు.

మా ఆయన అప్పటికి లగేజీ ఆటోకు మారాడు. అందులోనే ముగ్గురం ఉదయగిరి పోయాం. కామాక్షమ్మగారు మమ్మల్ని చూసి సంతోషపడి మజ్జిగ తెప్పించారు. బల్ల చూపించి, తనూ దాని మీద ఒక పక్కన కూర్చుని, మమ్మల్నీ కూర్చోమన్నారు. శెట్టిగారు కూర్చోలేదు. కర్ర మీద ఆనుకుని నిలబడే చెప్పారు.

"అమ్మా, ఇది మీ ఊరిది కాదు. కలువాయి దగ్గర ఒక రైతుది. ఆ పొద్దు మీరడిగితే అబద్ధం చెప్పినాను."

ఆమె ముందు నా వైపు చూశారు. "నువ్వు కూడా అవునంటివే."

"అంటినమ్మా" అన్నాను.

ఆమె బల్ల మీద నుంచి లేచి స్తంభానికి ఆనుకున్నారు. "పొద్దున లేస్తానే దీని మీద కూచుంటాను. మా ఎదురింటోళ్లదా, మా పెద్దనాయనోళ్లదా అని ఒక్కో ఇల్లూ గుర్తు చేసుకుంటాను. ఇన్నేళ్లకు వచ్చి కాదంటుండారు. చెప్పేసి మీరు తేలికైపోతారు. నేనేం చెయ్యాల?"

ఏ గిరాకీ ఏమడిగినా తడుముకోని మనిషి జేబు తడుముకున్నారు. "డబ్బు తెచ్చినానమ్మా" అన్నారు.

"ఆ మాట ఎత్తబాకండి. దాన్ని తీసకపోండి."

మేం గొలుసులు విప్పాం. మా ఆయనా నేనూ బల్లను మోసుకొచ్చి ఆటోలో పెట్టాం. వెనక్కి తిరిగి చూస్తే దూలానికి రెండు కొక్కేలు మిగిలి ఉన్నాయి. తిరుగు దారిలో నేనే ఉండబట్టలేక, "పోకుండా ఉంటే బాగుండేదేమో" అన్నాను.

"ఆమె చెప్పింది నిజమే. తేలిక కావాలనే పోయినాను" అన్నారు. కొంచెం దూరం పోయాక, "ఆ పొద్దు తెలీదని ఒక్క మాట అనుంటే సరిపోయేది. ఇప్పుడు ఏం చేసినా కొంత తప్పే" అన్నారు. ఆ రాత్రి తప్పు ఆయన ఒక్కరిదే అనుకుందామని చూశాను గాని, ఆమె నన్ను చూసిన చూపు పోలేదు.

ఇరవై రోజుల తర్వాత, లారీ వచ్చే ముందు, కామాక్షమ్మగారు బస్సు దిగి ఒక్కరే వచ్చారు. శెట్టిగారు కర్ర కోసం తడుముకుంటుంటే లేవొద్దని చెయ్యి చూపించారు. "ఇంట్లో ఆ కొక్కేలు చూస్తంటే బాగాలేదు. ఇంకో బల్ల ఉంటే చూపించండి. ఈ తడవ ఎక్కడిదో ముందే చెప్పండి" అన్నారు.

రెండున్నాయి. ఒకటి ఆమెకు తెలిసిందే, దాన్ని చూడను కూడా చూడలేదు. రెండోదానికి ఒక పక్క చీలిక ఉంది, నేను బద్ద వేసి బిగించాను.

"ఇదెవురిది?"

"తెలీదమ్మా. పాత కలప లోడులో వచ్చినాది. ఏ ఊరో, ఎవురిదో ఎవురూ చెప్పలేదు. ఈ బద్ద మాత్రం మేమేసిందే" అన్నారు శెట్టిగారు.

ఆమె బద్ద మీద వేలు పెట్టి చూశారు. తర్వాత బల్ల మీద కూర్చుని, కాళ్లు నేలకు ఆనించి, రోడ్డు వైపు చూశారు. "తెలీదన్నారు కదా. ఇదే పంపించండి" అన్నారు. మరుసటి రోజు నేనే పోయి బిగించి వచ్చాను. ఆమె నాతో పెద్దగా మాట్లాడలేదు. పోయేటప్పుడు మాత్రం భోంచేసి పొమ్మన్నారు.

మొదటి బల్ల లారీలో పోయింది. దాని అడుగున శెట్టిగారు నా చేత సుద్దముక్కతో 'కలువాయి' అని రాయించారు. కొట్టు ఖాళీ అయ్యాక నేను ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసుకుని బెత్తం అల్లిక, పాత సామాన్ల రిపేరు మొదలుపెట్టాను. ఆయన వీలైనప్పుడల్లా వచ్చి కూర్చునేవారు. బోర్లించడం నేను, చూడడం ఆయన. ఒంట్లో బాగాలేక రావడం మానేసిన రెండు నెలలకు పోయారు.

ఆయన దగ్గర నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే అల్లిక, పాలిష్ అని చెబుతాను. అది సులువుగా చెప్పగలిగిన జవాబు. పోయిన వారం బెంగుళూరు నుంచి ఒక జంట వచ్చి నా దగ్గరున్న పాత బీరువా చూశారు. ఏ ఇంటిది, ఎన్నేళ్లది అని ఆ అమ్మాయి అడిగింది. ఏం చెప్పినా నమ్మేట్టుంది ఆమె ముఖం. ముంపు ఊరి మాట నోటిదాకా వచ్చింది. అది ఎప్పటికీ వస్తూనే ఉంటుందనుకుంటాను. "కాళ్లు నేను మార్పించినాను. వెనక చెక్క కొత్తది. మిగతాది ఎవురిదో నాకు తెలీదమ్మా" అన్నాను. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఆలోచించుకుని ఫోన్ చేస్తామని కారెక్కారు. ఇంకా చెయ్యలేదు. బీరువా షెడ్డులోనే ఉంది. ఇంకెవరైనా వచ్చి అడిగినా అదే చెబుతాను.