బావ రాసిన నూనె

మా అక్క మొగుడికి బండంటే ప్రాణం. అక్కకి ఒంట్లో బాగోలేకపోతే మాత్ర వేసుకోమంటాడు, తను తోలే స్కూల్ వ్యాన్ కాస్త మూలిగిందా, అన్నం మానేస్తాడు. అలాంటి మనిషి ఆరోజు వ్యాన్‌ని తోయించుకుంటూ నా మెకానిక్ షెడ్డుకొచ్చాడు. మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"వంతెన ఎక్కుతుంటే లాగడం మానేసిందిరా. వెనకేమో లారీ. లోపల పిల్లలు ఒకటే ఏడుపు."

మీటర్ బోర్డులో ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంది. అప్పటికే ఒక మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ఇంకో మహానుభావుడు పెట్రోల్ పంపు మార్చాడు. లైటు పోలేదు. ఓనర్‌గారైతే తేల్చేశారు: "బండికేం రోగం లేదు, తోలేవాడి కాలికే వయసైపోయింది." తప్పు బండిదని నేను చూపించకపోతే బావ సీటు పోయినట్టే. ఆ సీటు లేకపోతే ఆయన మనిషిలా ఉండడు.

స్కానర్ పెడితే గాలి లెక్క తేడాగా ఉందంది. ఇంజిన్‌లోకి ఎంత గాలి పోతోందో కొలిచే సెన్సర్ ఒకటుంటుంది, పెట్రోల్ ఎంత పడాలన్నది దాని మాటని బట్టే. స్కానర్ అన్నదల్లా నమ్మే రకం కాదు నేను. సెన్సర్ వైరు పీకేసి స్టార్ట్ చేశాను. అందాకా దగ్గుతున్న ఇంజిన్ కుదురుకుంది. అది లేకపోతేనే బాగుందంటే, ఉన్నంతసేపూ తప్పుడు లెక్క చెబుతోందన్నమాట.

"చూశావా బావా! నీ కాలిది కాదు తప్పు," అన్నాను. చిన్నపిల్లాడిలా నవ్వాడు.

సెన్సర్ విప్పాను. లోపలి సన్నతీగ నిండా జిడ్డు. గాలిలో దుమ్ము ఆపే ఫిల్టర్ పైకి తీస్తే నూనె కారుతోంది, అదే గాలితోపాటు వచ్చి తీగకి పట్టింది.

"ఏ వెధవ రాశాడు దీనికి నూనె?" అని అరిచాను.

బావ తల దించుకున్నాడు. "ఆదివారం ఆదివారం నేనేరా. పాత లారీకి అలాగే చేసేవాణ్ణి. దుమ్ము ఆగుతుందని..."

తిట్టాలో ఏడవాలో తెలీలేదు. ప్రేమ ఎక్కువై చేసిన చాదస్తం!

"సరే, ఓనర్‌తో సెన్సర్ పాతబడిపోయిందని చెప్తాను. నువ్వు నోరు మూసుకో," అన్నాను. తీగ మీద జిడ్డు వదిలించే స్ప్రే కొట్టి ఆరబెట్టి, కొత్త ఫిల్టర్ వేశాను. లైటు పోయింది. ఓనర్‌గారికి ఫోన్ చేసి నేను నోరు తెరిచేలోపే బావ లాక్కున్నాడు.

"నావల్లేనండీ. ఫిల్టర్‌కి నూనె రాశాను. రేపు ఎవరు తోలినా రాయనివ్వకండి. పిల్లలెక్కే బండి."

ఫోన్ పెట్టగానే మీద పడ్డాను. "బుద్ధుందా నీకు? ఎవడడిగాడు నిన్ను?"

"వంతెన మీద ఒక పిల్ల నా చొక్కా పట్టుకుని వదల్లేదురా. చూసుంటే నువ్వూ చెప్పేవాడివే," అన్నాడు.

ఇప్పుడు ఆ వ్యాన్‌కి వేరే డ్రైవర్. బావ మాత్రం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నా షెడ్డుకొచ్చి స్టూలు మీద కూర్చుంటాడు. మొన్న వంతెన వైపు నుంచి ఆ ఇంజిన్ చప్పుడు వినబడింది.

"బాగా లాగుతోందిరా," అన్నాడు. కళ్లనిండా నీళ్లు. ఆ చప్పుడు పైకెక్కి దాటిపోయేదాకా ఆయన కుడికాలు నేలని నొక్కుతూనే ఉంది.