సిరిసిల్లల పండ్ల సెట్టు తీసి చూపించిన నాడు

కోరుట్లల మా ఇంటి ముందరి అర్రల నలభై ఏండ్ల సంది పుస్తకాలు పెట్టి, అడిగినోళ్లకు చదువనిస్తున్న. నేను బడికి పోయింది లేదు. కిరాణం దుకాణంల పొట్లాలు కట్టిన కాయితాలు చదివి అక్షరాలు నేర్చుకున్న. దయ్యం లేదు, చేతబడి లేదు అని ఊరూరు తిరిగి చెప్పినోన్ని. అసొంటి నా దగ్గరికి పోయినేడు ఒకాయన వచ్చి, తలుపు దగ్గరికి వేసి, "కాకా, నేను నెత్తురు తాగుత" అన్నడు.

నడీడు మనిషి. ఇస్త్రీ అంగి, చేతిల బిస్కెట్ పుడ. దుబాయిల పన్నెండేండ్లు చేసి వచ్చిండు. అక్కడ ఆయనసొంటోళ్లు దొరికిన్రట. వాంపైర్లమని వాళ్లకు వాళ్లే చెప్పుకుంటరట. ఎవ్వరినీ కరువరట. ఇష్టపడి ఇచ్చేటోళ్లుంటే, షుగర్ చూసుకునే సూదితోని వాళ్ల వేలు పొడిచి రెండు చుక్కలు తాగుతరట. అవి లేకుంటే ఒళ్లు చల్లబడి మంచం పడుతరట.

"జగిత్యాలల ఒకామె ఉన్నది, సిరిసిల్లల ఒకాయన ఉన్నడు. ఇద్దరూ భయంతోని బతుకుతున్నరు. ఫోన్ల ఎంత మాట్లాడినా ధైర్యం రాదు కాకా, మనిషికి మనిషి ఎదురుంగ కూసోవాలె. నీ అర్రల కూసుంటే ఎవ్వలకు అనుమానం రాదు."

నాకు ఒళ్లు మండింది. "దవాఖానకు పో" అన్న.

"పోయిన. పరీక్ష చేసి నెత్తురు మంచిగనే ఉన్నదన్నరు. ఎవలిదని అడుగలే."

బిస్కెట్ పుడతో సహా బయటికి పంపిన.

వారం తిరగకముందే మళ్ల వచ్చిండు. ఈసారి మొఖంల నవ్వు లేదు. సిరిసిల్లాయన ఉన్నదున్నట్టు తల్లికి చెప్పేసిండట. మేనమామ పండ్లు పీకేటోన్ని ఎవరినో మాట్లాడి పెట్టిండట. మంగళవారం ఆయన పండ్లు పీకుతరు. పీకితే ఆ గుణం పోతదట.

నాకు పదహారేండ్లప్పుడు మా ఊర్లె, చేతబడి చేసిండని ఒక ముసలాయన పండ్లు రాయితోని రాలగొట్టిన్రు. నేను గుంపుల నిలబడి చూసిన. నోరు తెరిచి ఒక్క మాట అనలే. ఆయనా అరువలే. ఉమ్మితే ఇంకా కొడుతరని నోట్లె ఊరే నెత్తురు మింగుకుంట నిలబడ్డడు. ఆ గుటక చప్పుడు నాకు ఇప్పటికీ ఇనవడుతది.

మంగళవారం పొద్దుగాల్లే ఇద్దరం బస్సెక్కినం.

ఆ సిరిసిల్లాయన సాంచెలు నడిపేటోడు. వాళ్ల వాడల బట్ట నేసే సాంచెల మోతకు గుసగుస చెల్లది, రహస్యమైనా అరిచే చెప్పాలె. మేం మలుపు తిరిగేసరికి ఒక్క సాంచె నడుస్తలేదు. పట్టపగలు. జుట్టుకు దూది పోగులంటిన మనుషులు గుమ్మాలల్ల నిలబడి ఒకే ఇంటి దిక్కు చూస్తున్నరు.

లోపల ముప్పై ఏండ్ల మనిషి ప్లాస్టిక్ కుర్చీల కూసోని, గోడకు తల ఆనిచ్చి, తనంతల తానే నోరు తెరిచి పెట్టిండు. ఎవరూ కట్టెయ్యలే. తల్లి రెండు చేతులతోని తల పట్టుకున్నది. పీకేటాయన పటుకారును పసుపు నీళ్లల్ల కడుగుతున్నడు.

దుబాయాయన ఆగలే. "అమ్మా, నేను గూడ మీ కొడుకసొంటోన్నే. ఇది పాపం గాదు" అన్నడు.

పీకేటాయన తల ఎత్తలే. "ఇద్దరైన్రు. ఇంకో కుర్చీ ఎయ్యుండ్రి."

మేనమామ తలుపుకు గొళ్లెం పెట్టిండు. అసొంటోళ్లు ఎవ్వరూ ఉండరు అనే మాట నా నాలిక మీదికి వచ్చింది, నలభై ఏండ్ల సంది చెప్పిన మాట. ఆ ఇంట్ల అది ఎవలు ఇంటరు? నా కట్టుడు పండ్ల సెట్టు తీసి అరచేతిల పెట్టుకొని తల్లి ముందర నిలబడ్డ. నా అసలు పండ్లు షుగర్‌కు ఊడినయి.

"నాయి గూడ పీకిన్రు చెల్లె. గుణం పోలే."

ఆమె నా నోట్లెకు చాలాసేపు చూసింది. "మరి ఇప్పుడెట్లున్నదన్నా?" అనడిగింది.

"పండ్లున్నప్పుడు గట్టిగ బిగవట్టి ఆపుకునేటోన్ని. ఇప్పుడు ఆపేటందుకు ఏం లేదు."

ఆ మాట ఎక్కడికెల్లి వచ్చిందో నాకు ఎరుక లేదు. ఆమె కొడుకు తల విడిచి, అరచేయి గదువ కింద పెట్టి, తెరిచిన నోరు మెల్లగ మూసింది. మేనమామ గొళ్లెం తీసిండు. మేం వాడ దాటుతుంటే ఒకటెనుక ఒకటి సాంచెలు మొదలైనయి.

నలభై ఏండ్లు నిజం చెప్పుకుంట తిరిగితే పట్టుమని పదిమంది నమ్మలే. ఒక్కనాడు ఆడిన అబద్ధాన్ని కోరుట్ల దాకా నమ్మిన్రు. పాలామె గిన్నెను గేటు అవుతలనే పెట్టి పోతున్నది. పుస్తకాలకు వచ్చేటోళ్లు లేరు. సిగ్గుండాలె ఈ ఊరికి.

ఇప్పుడు ఆదివారం పూట నా అర్రల ముగ్గురు కూసుంటరు, దుబాయాయన, జగిత్యాలామె, సిరిసిల్లాయన. మొదటి ఆదివారమే వాళ్ల ముందర షుగర్ చూసుకుంట వేలు పొడుచుకున్న. సిరిసిల్లాయన పండ్లు బిగవట్టి మొఖం గోడకు తిప్పుకున్నడు. నెత్తురు చుక్కను స్ట్రిప్పుకు అంటించంగనే గుటక మింగిండు. అది నేను పదహారేండ్లప్పుడు విన్న చప్పుడే.

అప్పటిసంది షుగర్ లోపలి అర్రల చూసుకుంటున్న, తలుపు దగ్గరికి వేసుకొని.